పన్నెండు మీటల బల్ల

సంక్రాంతి వెళ్ళిన వారం

ట్రంకు పెట్టె ఇవాళ ఇంటికొచ్చింది. పోయిన నా స్నేహితుడి కూతురే ఆటోలో తెచ్చింది. "అమ్మ వీటిని వినలేదు, పారెయ్యనూ లేదు మావయ్యా. మీ దగ్గరుంటే ఏదైనా చేస్తారని పంపింది" అంది. మూత తియ్యగానే బూజు వాసన. లెక్కపెడితే నలభై ఒక్క క్యాసెట్లు.

వాడి పేరు ఇక్కడ రాయను, వాళ్ళావిడ వద్దంది. విశాఖ ఏవీఎన్ కాలేజీలో ఇంటర్ నుంచి మేమిద్దరం ఒక జట్టు. పూర్ణా మార్కెట్ దగ్గర సందులో వాడు ముప్ఫై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేశాడు. అది బతకడానికి చేసిన పని. షట్టర్ ఎత్తకముందూ దించేశాకా చేసిన పని వేరే ఉంది. బ్యాటరీల టేప్ రికార్డరు భుజానికి తగిలించుకుని, ఊరి చప్పుళ్ళు పట్టుకొచ్చేవాడు. పాటలు కాదు, మాటలు కాదు, చప్పుళ్ళు. హార్బర్లో చేపల వేలం, సింహాచలం మెట్ల మీద జనం, కిరండూల్ ప్యాసింజరు సొరంగంలోకి దూరేటప్పుడు మారే మోత. ఎందుకురా అని అడిగితే "ఫొటో అందరూ తీస్తారు కదరా" అనేవాడు. గుండెపోటుతో పోయాడు. ఈ ఆషాఢానికి రెండేళ్ళు.

ఏం చెయ్యాలో ముందే అనుకున్నాను. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే అదీ ట్రంకు పెట్టెలోకే పోతుంది. చేత్తో తాకేది కావాలి. ఒక చెక్క మీద మన తీరం చెక్కి, వాడు నిలబడ్డ చోటల్లా ఒక మీట పెడతాను. మీట నొక్కితే ఆ చోటు వినిపించాలి. తద్దినం నాటికి వాళ్ళింట్లో ఉండాలి.

జనవరి ఆఖరు

రెండు వారాలు శుభ్రం చెయ్యడమే సరిపోయింది. సముద్రపు గాలి క్యాసెట్లకి పగ. టేపు చుట్ట అంచున తెల్లగా సున్నం చల్లినట్టు బూజు. అలాగే ప్లేయర్లో పెడితే ఆ బూజు హెడ్డుకి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. అందుకని మేడ మీద, ముక్కుకి మాస్కు కట్టుకుని, ఒక్కో క్యాసెట్టు ఐదు స్క్రూలూ విప్పి, చుట్టలు బయటికి తీసి, నూలు పోగులు రాలని మెత్తటి గుడ్డ మధ్య నుంచి టేపుని పెన్సిలుతో తిప్పుతూ లాగాను. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. సి-60, అంటే గంట క్యాసెట్టు, అయితే కాస్త ఓర్చుకుంటుంది. గంటన్నర సి-90 టేపు దానికంటే పల్చన, గట్టిగా లాగితే సాగిపోతుంది. ఒక చోట సాగదీశాను కూడా. అక్కడ ఇప్పుడు నాలుగు క్షణాలు గొంతు వంకరపోయింది. ఆ నాలుగు క్షణాలూ ఇక రావు.

తొమ్మిదింటిలో లోపలి చిన్న ఫెల్టు మెత్త ఊడిపోయింది. టేపుని హెడ్డుకి ఆనించి ఉంచేది అదే. అది లేకపోతే ధ్వని ఎక్కడో దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంటుంది. వాడి షాపు సామాన్లలోనే ఖాళీ క్యాసెట్లు దొరికాయి. వాటి రాగి రేకు మెత్తలు తీసి వీటికి వేశాను. వాడి స్పేర్లతో వాడి క్యాసెట్లే బాగుపడ్డాయి. ఆ సాయంత్రం ఇంకేం పని చెయ్యలేకపోయాను.

ఫిబ్రవరి

కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైళ్ళు. ప్రతి క్యాసెట్టుకీ ముందు హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూ తిప్పి కోణం సరిచెయ్యాలి. రికార్డు చేసిన మెషీను హెడ్డూ, వినే మెషీను హెడ్డూ ఒకే కోణంలో లేకపోతే పై శ్రుతులన్నీ పోతాయి. మీటరేం అక్కర్లేదు. చెవి పెట్టి వింటూ తిప్పుతుంటే ఒకచోట తెర తీసినట్టు స్పష్టమవుతుంది, అక్కడ ఆగాలి. ఇది వాడు నాకు నేర్పిన పనే, 1990ల్లో, మా ఇంటి టూ-ఇన్-వన్ మీద.

ప్రతి క్యాసెట్టు మొదట్లో వాడి గొంతు ఉంది. మూడు ముక్కలే. "నాలుగూ నలభై. హార్బర్. గాలి తూర్పు నుంచి." అంతే, ఇక మాట్లాడడు. "ఐదూ పది. వన్ టౌన్, మా మేడ. గాలి లేదు." ఈ రెండోది వన్ టౌన్ వాళ్ళు వింటే ఊరుకోలేరు. రాస్ హిల్ మీద చర్చి, పక్కనే దర్గా కొండ, ఆ పక్కన వెంకటేశ్వరస్వామి కొండ. ఆ మూడూ హార్బర్ ముఖద్వారం మీదికి చూస్తూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కదా. టేపులో అజాన్ అయ్యేలోపు సుప్రభాతం అందుకుంటుంది, కాసేపటికి గంట మోగుతుంది, ఆ మీద ఛానెల్లోంచి లోపలికొస్తున్న ఓడ కూత. మధ్యలో ఎవరో బిందె కింద పెట్టారు. ఆరు నిమిషాలు. ఒక్క క్షణం కూడా కత్తిరించబుద్ధి కాలేదు.

ఇక్కడే ఒక తప్పు చేశాను. క్యాసెట్లన్నిటికీ బుసబుసమని హిస్ ఉంటుంది. ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేరులో హోరు తగ్గించే నాయిస్ రిడక్షన్ ఉంది కదా అని, చప్పుడు లేని చోట నమూనా తీసి మొత్తానికి వేశాను. భీమిలి కెరటాలు కుండలో నీళ్ళు గిలకరించినట్టయిపోయాయి. ఆలోచిస్తే తెలిసింది. కెరటం విరిగి నురగయ్యే చప్పుడూ టేపు హిస్సూ దాదాపు ఒకే జాతి, అన్ని శ్రుతులూ కలగలిసిన హోరు. దాన్ని తీసెయ్యమంటే సాఫ్ట్‌వేరు సముద్రాన్ని కూడా తీసేసింది. అంతకంటే పెద్ద విషయం హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక తట్టింది. శుభ్రం చెయ్యని ఫైల్లో, చాలా లోతున, మైకు పట్టుకున్న మనిషి ఊపిరి ఉంది. శుభ్రం చేసిన దాంట్లో లేదు.

అన్నీ వెనక్కి తీసుకున్నాను. కరెంటు హమ్ ఉన్న రెండు చోట్ల 50 హెర్ట్జ్ దగ్గర సన్నటి గాటు పెట్టాను, అంతకుమించి ఏదీ తియ్యను. వాడు విన్న ఊరే కాదు, వాడు వింటూ ఉండడం కూడా ఆ టేపుల్లో ఉంది. నాకు కావలసింది ఆ రెండోదే.

ఫిబ్రవరి చివర, జాలారిపేట

ఒక క్యాసెట్టు మీద చీటీ లేదు, మొదట్లో వాడి గొంతూ లేదు. ముందు కొంత టేపు తెగిపోయి పోయినట్టుంది. వలలాగే కేకలున్నాయి. నేను భీమిలి అనుకుని అక్కడ మీటకి చోటు గీసేశాను. మనసొప్పక ఫోన్లో వేసుకుని పెద జాలారిపేట వెళ్ళాను. వలలు అల్లుకుంటున్న ఒక ముసలాయన ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు.

"పెద్దవల లాగుడు బాబూ. తెల్లారగట్ల కాదు, పొద్దు వాలినాక."

"ఎలా తెలుస్తాది తాతా?"

"తెల్లారగట్లయితే కాకులరవవేటి?" అన్నాడు. తర్వాత ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి పెట్టమన్నాడు. "ఈ ముందు కేకేసినోడు మా బావ. మా పేట లాగుడే ఇది. ఎల్లిపోయి ఆరేళ్ళయింది బాబూ ఆడు."

ఆయన సెల్లులోకి ఎక్కించి ఇచ్చాను. పక్కన కూర్చున్న ఆడవాళ్ళని కేకేసి పిలిచి వినిపించాడు. పెద్దవల ఒక్కసారి పడితే ఒడ్డున రెండు తాళ్ళకీ చెరోపక్క వరసగా జనం నిలబడాలి, కేక లేకపోతే అందరి లాగుడూ ఒక్కసారి పడదు. ఆ కేక వేసేవాడు పోతే ఆ వరస కూడా మారిపోతుందని ఆయనే చెప్పాడు. మ్యాపు మీద భీమిలి గుర్తు చెరిపి జాలారిపేట దగ్గర పెట్టాను.

మార్చి

చెక్క. ఎక్కడా కొనలేదు. వాడి షాపులో పనిబల్ల పైపలక, పాత టేకు. షాపు ఖాళీ చేసినప్పుడు వాళ్ళావిడ దాన్ని మాత్రం ఇంట్లో పెట్టుకుంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ముక్క కోయించాను. టంకం కారి నల్లగా కాలిన మచ్చలు బోలెడు. వడ్రంగి చిత్రిక పట్టేస్తానన్నాడు, వద్దన్నాను. మచ్చలున్న వైపు సముద్రం వచ్చేటట్టు మ్యాపు తిప్పుకున్నాను.

పలక కింద మూలన డాల్ఫిన్స్ నోస్ కొండ నుంచి పై మూలన భీమిలి దాకా, తీరం ఈశాన్యంగా ఏటవాలుగా పోతుంది. సెంటీమీటరుకి అరకిలోమీటరు అనుకుంటే పలకలో సరిపోయింది. సింహాచలం కూడా లోపలే పడింది. అరకు లైను మాత్రం ఈ లెక్కన పలక దాటి గదిలోకి పోతుంది. కొలత తప్పినా సరే అని ఎడమ పై అంచున మీట పెట్టి, దాని దాకా ఒక సన్న గాడి, పట్టాల్లాగా చెక్కాను. కొలతకి కట్టుబడాలనే వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైను మీద వాడు తిరిగినన్ని సార్లు తిరిగితే వాళ్ళూ ఒప్పుకుంటారు.

చెక్కడం నాకు కొత్త. డాల్ఫిన్స్ నోస్ ముక్కు దగ్గర ఉలి ఠంగుమంది, అంచు విరిగింది. పలకలో విరిగిన మేకు. ఎప్పుడో వాడే ఏదో తగిలించుకోడానికి కొట్టి ఉంటాడు. తీద్దామని చూసి, లోతుగా ఉంటే వదిలేశాను. లైట్‌హౌస్ ఉండాల్సిన చోటికి వేలెడు దూరంలో ఉంది అది.

ఏప్రిల్, ఏటికొప్పాక

మీటలకి ప్లాస్టిక్ వద్దనుకున్నాను. తుని వైపు బస్సెక్కి హైవే మీద దిగి, ఆటోలో ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డు ఊరు. లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి పేరు అందరికీ తెలుసు, పని చూసినవాళ్ళు తక్కువ. అంకుడు కర్ర తెల్లగా, వెన్నలా తెగుతుంది. లేత్ మీద గిర్రున తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేసుకుంటుంది. తర్వాత మొగలి ఆకు నొక్కి పడితే మెరుపు వస్తుంది. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు.

కాగితం మీద గీసుకెళ్ళాను: తల బఠాణీ కంటే కాస్త పెద్ద గుండ్రం, కింద కాడ, కాడ అడుగున స్విచ్చు కూర్చునే గుంట. పని చేసే ఆయన చూసి, "చదరంగం బంటు కదండీ ఇది" అని పది నిమిషాల్లో మొదటిది చేతిలో పెట్టాడు. రంగులు నేను పంచుకున్నాను. సముద్రం పక్కవి నీలిమందు నీలం. కొండలు, గుళ్ళవి జాఫ్రా గింజల ఎరుపు. మనుషులు బతికే చోట్లు, బజార్లు, పసుపు. మొత్తం నీలం ఆరు, ఎరుపు మూడు, పసుపు మూడు.

మే

వైరింగు. ఏ మీట నొక్కారో కనిపెట్టే చిన్న బోర్డు ఆర్డుయినో నానో ఒకటి, కార్డులోంచి చప్పుడు వాయించే డీఎఫ్ ప్లేయర్ మినీ ఒకటి, మెమరీ కార్డు. స్పీకరు వాడి షాపులో మిగిలిన పాత రేడియోలోది. ప్లేయర్ ఆర్‌ఎక్స్ కాలుకి (బోర్డు చెప్పేది అందుకునే కాలు) ముందు 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టకపోతే స్పీకర్లో చీమలు పాకినట్టు శబ్దం. పెట్టగానే పోయింది.

పదకొండు మీటలు పనిచేశాయి, పన్నెండోది చెయ్యలేదు. రెండు రాత్రులు స్విచ్చుదే తప్పనుకుని మూడు స్విచ్చులు మార్చాను. చివరికి తేలింది, దగ్గరగా ఉందని తీగ తెచ్చి ఏ6 కి కలిపాను. నానోలో ఏ6, ఏ7 కాళ్ళు అనలాగ్ చదవడానికే, స్విచ్చుకి పనికిరావు. ఏ0 నుంచి ఏ5 దాకా అయితే మామూలు కాళ్ళలాగే వాడొచ్చు. ఏ3 కి మార్చాను, మోగింది. ఎవరైనా ఇలాంటిది చేస్తే ఇది గుర్తుంచుకోండి.

ఇంకోటి. హార్బర్ నొక్కితే సింహాచలం చందనోత్సవం మోగింది. ఈ ప్లేయరు, నంబరుతో పిలిస్తే, ఫైలు పేరు కాదు, కార్డులోకి ఏ వరసలో కాపీ చేశామో అది చూస్తుంది. కార్డు ఫార్మాట్ చేసి, ఒక్కో ఫైలూ వరసగా ఎక్కించాను.

ఉక్కపోతకి టేకు కన్నాల్లో అంకుడు కాడలు ఉబ్బి పట్టేశాయి. నొక్కితే లోపలే ఉండిపోతున్నాయి. అన్ని కన్నాలూ అర మిల్లీమీటరు పెద్దవి చేశాను. వేసవిలో చెయ్యడమే మంచిదయింది, లేకపోతే ఇచ్చిన నెలకి వాళ్ళింట్లో పట్టేసేవి.

జూన్

పన్నెండో చప్పుడు ఆఖరికి మిగుల్చుకున్నాను. చీటీ మీద "12-10-2014" అని మాత్రం ఉంది. ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆ తుఫాను, హుద్‌హుద్.

కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. వాడి బ్యాటరీ రికార్డరు పనిచేసింది. సి-90 లో ఒక వైపంతా, ఆపుతూ పెడుతూ, తీశాడు. వింటూ పోతే వింతగా ఉంది. వాడి గొంతు రానురానూ సన్నబడి, తొందరపడుతోంది. చివర్లో చిన్నపిల్లాడి గొంతు. సెల్లులు అరిగిపోతున్నాయన్నమాట. రికార్డు చేసేటప్పుడు మోటారు నెమ్మదిస్తే, మనం మామూలు వేగంతో విన్నప్పుడు అది పరుగెడుతుంది. కొత్త సెల్లులు కొనడానికి ఆ రోజు ఏ కొట్టుంది!

సరిచెయ్యడానికి ఏదో ఒక కొలబద్ద కావాలి. మామూలుగా అయితే టేపులో పడ్డ కరెంటు హమ్ 50 హెర్ట్జ్ అని తెలుసు కాబట్టి దాన్ని పట్టుకుని వేగం సరిచేస్తారు. ఆ రోజు ఊళ్ళో కరెంటే లేదు. నాలుగు రోజులు ఇదే ఆలోచన. తుఫాను నడిమి భాగం ఊరి మీదికొచ్చినప్పుడు గాలి హఠాత్తుగా ఆగింది, గుర్తుందా? టేపులో కూడా ఆగుతుంది. వాడు గుసగుసగా "ఆగింది... మళ్ళీ అటు నుంచి వస్తాది" అంటాడు. ఆ నిశ్శబ్దంలో, వెనక, టిక్, టిక్, టిక్. వాళ్ళ హాల్లో గోడ గడియారం. సెకనుకొకటి.

టేపు మొదట్లో, గాలి ఇంకా ముదరని చోట, 60 టిక్కులకి 60 సెకన్లు. నడిమి భాగంలో 56. చివర గాలి తగ్గాక 52. గాలి హోరులో టిక్కులు వినపడని చోట్ల ముందూ వెనకా లెక్క చూసి మెల్లగా వంపు గీశాను. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ అని ఉంటుంది, దాని మీద వేగాన్ని చేత్తో గీతలా కిందికి దించొచ్చు. పద్దెనిమిది సార్లు గీశాను. పద్దెనిమిదోసారి చివరి నిమిషంలో వాడి గొంతు వాడి గొంతుగా వచ్చింది. అంత గాలిలోనూ నిబ్బరంగా ఉంది.

ఆ నడిమి భాగం, ఆ వెనక గాలి ఎదురు తిరగడం, మొత్తం ఏడు నిమిషాలు పెట్టాను. వన్ టౌన్ మేడ ఆరు నిమిషాలు, మిగతావన్నీ మూడు నాలుగు నిమిషాలే. తుఫాను సముద్రం మీంచే వచ్చింది కాబట్టి దానికి నీలం మీట.

ఆషాఢం

తద్దినం భోజనాలు అయ్యాక, అందరూ వెళ్ళాక బల్ల తీసుకెళ్ళాను. వెనక చెక్క లోపల తేమకి రెండు సిలికా పొట్లాలు పెట్టాను, ఆర్నెల్లకోసారి మార్చాలని అమ్మాయికి చూపించాను. వాల్యూమ్ 30 కి 22 దగ్గర స్థిరంగా పెట్టాను. ఆ పాత స్పీకరు అంతకంటే గట్టిగా వద్దంటోంది.

వాళ్ళావిడ, నాకు చెల్లెమ్మ, ముందు దగ్గరికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. అమ్మాయి హార్బర్ నొక్కింది. వేలం పాటల మధ్య వాళ్ళ నాన్న "నాలుగూ నలభై" అన్నాడు. ఆవిడ వచ్చి కుర్చీలో కూచుంది. తరవాత వాళ్ళ మేడ మీది తెల్లవారు, సింహాచలం, జాలారిపేట. కాలిన మచ్చల మీద వేలితో రాస్తూ వింది.

హుద్‌హుద్ మీట నొక్కినప్పుడు, గాలి ఆగిన ఆ చోట, నేను లెక్కలకి అరిగిపోయేంతగా విన్న చోటే, టిక్కుల మీద దృష్టిపెట్టి నేను పట్టించుకోని ఒక మాట ఉంది. లోపలి గదిలోంచి, దూరంగా: "లోపలికి రండీ, తలుపు ఊడిపోతాదీ!" దానికి వాడు "ఒక్క నిమిషం" అంటాడు.

"రాలేదన్నయ్యా," అంది ఆవిడ. "ఎంత పిలిచినా రాలేదు ఆ రోజు. తలుపు నేనూ అమ్మాయీ పట్టుకున్నాం."

టేపు ఏడు నిమిషాలూ అయిపోయింది. గోడ మీద గడియారం అదే. ఆవిడ ఆ మీటని వేళ్ళతో పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"దీనికి నీలం ఎందుకు వేశారు?"

తుఫాను కదమ్మా, సముద్రం వైపు నుంచి వచ్చింది కదా అన్నాను.

"ఇది సముద్రం కాదు అన్నయ్యా, మా ఇల్లు. దీనికి పసుపు వెయ్యించండి."

కాడ కొలత కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం ఏటికొప్పాక వెళ్ళాలి.